మిర్చి కల్లంలో ఉండగా కప్పతల్లి

“మిర్చి కల్లంల ఉండంగ కప్పతల్లిని ఎత్తుతరా ఎవరన్న? మతి ఉండే మాట్లాడుతున్నవా?”

“నిజంగ ఎత్తుతలేము అత్తమ్మా. స్టేజి మీద చూపెడుతున్నం. జర్రసేపు పాట పాడి దిగుతం.”

“చూపెట్టుడేంది? అదేమన్న కోతులాటనా? ఆ పాట మొదలుపెడితే మబ్బు ఊకోదని మా అమ్మమ్మ చెప్పేది.”

“మబ్బుకు చెవులుంటే రమ్మన్ననాడు రాదా, వద్దన్ననాడు ఆగదా? ఇన్నేండ్లల్ల ఎన్నడన్న ఇన్నదా మన మాట?”

“మాటలు బాగ నేర్చినవ్. మీటింగులకు తిరిగి తిరిగి నేర్చినవ్.”

“బస్సు కిరాయి దండుగని నువ్వే నడిపిస్తివి. నడుస్త నేర్చుకున్న.”

పద్మ నా పెద్దకొడుకు భార్య. మా ఊరి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ములకలపల్లి దాటి అడవి దిక్కు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. ఆ పొద్దున ఆమె అటక ఎక్కి దింపిన పాత రోకలి మా ఇద్దరి మధ్య వాకిట్లో పడి ఉంది. వాకిలి దాటితే కల్లం. కల్లం నిండా ఆఖరు కోత మిర్చి. ఇంకా పూర్తిగా ఎండలేదు. కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనాలి. అప్పటిదాకా దాని మీద ఎండ తప్ప ఇంకేదీ పడకూడదు. తడి తగిలిందంటే కాయ తెల్లబడి తాలవుతుంది, మార్కెట్లో తాలుకాయను పలకరించేవాడు ఉండడు. ఈ ఏడు మొదటి కోత పురుగు తిన్నది. ఇంటిల్లిపాదికీ మళ్ళీ పంట దాకా ఆధారం ఆ కల్లంలో పరిచి ఉన్నదే. అందుకే నా నోరు అంత లేచింది.

మీటింగు ఆ మధ్యాహ్నమే, మండలం బడి మైదానంలో. భూమి వేడెక్కుతున్నది, వానలు తారుమారవుతున్నాయి, అందరం మేలుకోవాలి అన్నది సంగతి. వచ్చే నాయకుడు ఎవరో కాదు, మా ఊరి పటేలు మనవడు. ఒకప్పుడు మా ఊళ్ళో వానల కోసం కప్పతల్లి ఆడేవారని ఆయన దగ్గర పనిచేసే వాళ్ళెవరో విన్నారట. ముసలివాళ్ళతో ఆడిస్తే ముచ్చటగా ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి అని పద్మకు ఫోను చేశారు. పద్మ లెక్క వేరు. చెడగొట్టు వానల నుంచి మిర్చిని కాపాడుకునేందుకు ఊరికి ఒక రేకుల కప్పు వేసిన కల్లం కావాలని ఆమె ఎన్నాళ్ళుగానో ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. “వాళ్ళ మాట మనం ఇంటే మన మాట వాళ్ళు ఇంటరు అత్తమ్మా. నువ్వు రోకలి పట్టు, నేను రేకులు అడుగుత” అంది. వానకు అడ్డం అడగడానికి వానను పిలిచే పాట పాడమంటోంది. అదెట్లా కుదురుతుందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాలేదు.

కోపంగానే రోకలి చేతిలోకి తీసుకున్నాను, దుమ్ము దులిపి లోపల పెడదామని. చండ్ర కర్ర. కింద ఇనుప పొన్ను తుప్పు పట్టింది. నడుమ చెయ్యి పెడితే సన్నని గాడి తగిలింది. ప్రతి కరువులో అక్కడే తాడు కట్టి, వేపరెమ్మల నడుమ కప్పను గుడ్డలో పెట్టి వేలాడదీసేవాళ్ళు. ఆ గాడిలో వేలు ఆనగానే మా అమ్మమ్మ చేతి వాసన వచ్చినట్టనిపించింది: పసుపు, గొడ్ల కుడితి, కొద్దిగా పొగాకు.

నేను పుట్టిందీ మెట్టిందీ ఒక్క ఊరే. మేనబావకిచ్చారు, అమ్మమ్మ ఇల్లే అత్తిల్లయింది. మా అమ్మమ్మ ఇంట్లో ఏదీ పారేసేది కాదు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితిలోకి, పొయ్యిలో బూడిద కొంత అంట్లకు, కొంత విత్తనాల కుండలోకి. పాత చీర ముందు బొంత, తర్వాత మసిగుడ్డ, ఆఖరుకు దీపం వత్తి. ఎండాకాలం వాకిలి సగం ఇప్పపువ్వు ఆరేది, సగం మిరపకాయ ఆరేది. ఒక పక్క తీపి వాసన, ఒక పక్క ఘాటు. నడుమ నుంచి నడిస్తే ముందు నోరూరేది, వెంటనే తుమ్ములు వచ్చేవి. వాన వచ్చే ముందు మిర్చి ఘాటు పెరుగుతుంది. అమ్మమ్మ జొన్నగటుక కలుపుతూ కలుపుతూ ముక్కు ఎగబీల్చి “ఎత్తుండ్రే” అనేది. ఆకాశంలో ఏమీ కనబడేది కాదు. అయినా ఎత్తేవాళ్ళం. ఒక్కోసారి వాన వచ్చేది, ఒక్కోసారి ఉత్త గాలి వచ్చి పోయేది. రాని రోజు అమ్మమ్మను ఎవ్వరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అనే ధైర్యం ఎవరికుంది?

తొలకరి పడాల్సిన మిరుగం కార్తె దాటినా చినుకు పడకపోతే మాత్రం ఆమె రోకలి దింపేది. ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొన భుజాన పెట్టుకుని, తతిమ్మా వాళ్ళం వెనక పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. ప్రతి గడపలో బిందెడు నీళ్ళు కప్ప మీద పోసి, దోసెడు గింజలు మా ఒడిలో పోసేవాళ్ళు. ఇదంతా వేరే ఊళ్ళలోనూ ఉన్నదే. మా ఊళ్ళో ఇంకొకటి ఉండేది. ఆఖరుకు పటేలు గడప దగ్గర ఆగేవాళ్ళం. ఆ ఒక్క రోజు పటేలు అరుగు మీద కూర్చోకూడదు, గడప కింద నిలబడాలి, తలగుడ్డ తీసెయ్యాలి. మా అమ్మమ్మ ముందుకొచ్చి ఆయన మొహం మీదే అనేది: “నీ గడప తడవాలె పటేలా. తడవకుంటె మా కడుపు మాడుతది. మా కడుపు మాడితె నీ గాదె మాడుతది.” మామూలు రోజుల్లో ఆ ఇంటి ముందు చెప్పులేసుకుని నడవడానికి జంకే మనుషులు, ఆ రోజు ఒక్కొక్కరే వచ్చి అదే మాట అనిపోయేవాళ్ళు. ఆయన కిక్కురుమనేవాడు కాదు. పటేలమ్మ నీళ్ళు పోసేది. ఆ తర్వాత ఆయన తోట బావి తాళం తీసేవాడు. వాన పడేదాకా ఊరి గొడ్లు, ఊరి బిందెలు ఆ బావి మీదే. మొదటిసారి ఆ మాట నాతో అనిపించినప్పుడు నేను పరికిణీలో ఉన్న పిల్లను. పటేలు తల వంచుకుని “అవ్ బిడ్డా” అన్నాడు. నాతో అంత పెద్దమనిషి అట్లా మాట్లాడటం మళ్ళీ ఎరగను.

కప్ప వల్ల వాన వచ్చేదా అని నన్ను అడిగితే నేను చెప్పలేను. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. కానీ గడప దగ్గర మాట అంటే బావి తాళం వచ్చేది. అది నేను చూశాను.

పటేలు పోయాక ఆయన కొడుకు రాజకీయాల్లోకి వచ్చాడు. జీపు వచ్చింది. కరువొస్తే గడప దగ్గరికి రావద్దు, ఆఫీసుకు కాగితం రాద్దాం అనేవాడు. రాసేవాడు కూడా, కాదనను. కరువు పనులకు మట్టి మోసి నేనూ బియ్యం తెచ్చుకున్నాను. ఒకనాడు మమ్మల్నందరినీ గుట్ట ఎక్కించి పాల్వంచ దిక్కు కరెంటు కేంద్రం పొగగొట్టాలు చూపించాడు. “అగో, ఆ పొగ చూసిండ్రా? ఆ పొగ ఉన్నన్ని రోజులు మనకు కరెంటు. కరెంటు ఉంటే బోరు. బోరు ఉంటే ఇగ మబ్బుతోని పనేంది?” అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. బల్బు వెలిగిన రోజు మా అత్త దాని ముందు కొబ్బరికాయ కొట్టింది. మా తమ్ముడు అక్కడే షిఫ్టు పనికి కుదిరి ఇల్లు కట్టాడు. ఆ ఏళ్ళలోనే అడవి నరికి సాగు చేసుకోండి, నేనున్నాను అన్నదీ ఆయనే; ముసలితనంలో అడవిలో పుల్ల విరిచినా పాపమే అన్నదీ ఆయనే. రెండుసార్లూ ఓట్లు వేశాం. అప్పుడు ఏ మీటింగులోనూ భూమి వేడి అన్న మాట నేను వినలేదు. ఎండ గురించి మాట్లాడటం పనిలేనివాళ్ళ ముచ్చట. రోకలి ఎప్పుడు అటకెక్కిందో నాకే జ్ఞాపకం లేదు.

ఇప్పుడు మనవడు. ఇతను ఎక్కడికెళ్ళినా అదే మాట. పెళ్ళికొచ్చినా ఒక మొక్క, చావుకొచ్చినా ఒక మొక్క. ఎండ ముదిరింది పొగ వల్లనే అంటాడు. వాళ్ళ నాన్న చూపించి చప్పట్లు కొట్టించిన పొగేనా అది? అడుగుదామంటే నోరు రాదు, ఎందుకంటే ఆ కరెంటు మీదే మా ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. ఇంకో తిరకాసు ఉంది. చెడగొట్టు వాన అన్న మాట మా అమ్మమ్మ నోట కూడా విన్నాను. ఆ వాన అప్పుడూ ఉంది. మరి ఇప్పుడొచ్చేది పాతదా, కొత్తదా? పద్మనడిగితే “అప్పుడు చుట్టం లెక్క వచ్చేది, ఇప్పుడు ఇల్లరికం వచ్చింది” అంటుంది. నవ్వొస్తుంది గానీ అది జవాబేనా?

సరే, రోకలి పట్టుకుని ఇంతసేపు కూర్చున్నాక నా కోపం సగం దిగింది. “ఒక్క మాట మీద వస్త. పోయే ముందు మిర్చి అంత కుప్ప చేసి కప్పాలె” అన్నాను. యూరియా సంచులు విప్పి నేనే కుట్టిన పట్టా ఉంది, అది సగం కుప్పకు సరిపోయింది. మిగతా సగం మీద పాత చీరలు పరిచాం. పక్కింటి లచ్చమ్మ రోకలి రెండో కొన పట్టడానికి ఒప్పుకుంది. ఆమె మిర్చి కూడా కల్లంలోనే ఉంది. “నువ్వేం కప్పినవే?” అని అడిగితే “దేవుని మీద భారం కప్పిన వదినా” అంది.

“మరి కప్ప ఏది?” అన్నాను బయల్దేరుతూ.

పద్మ సంచిలోంచి ఆకుపచ్చ రబ్బరు కప్పను తీసింది. పొట్ట నొక్కితే కీచుమంటుంది. “నిజం కప్పను కడితే జీవహింస అని పేపరోళ్ళు రాస్తరట. అందుకని వాళ్ళే పంపిన్రు.”

“దీనికి వాన వస్తదా?”

“రావద్దనే కద నీ బాధ! రబ్బరుదానికి రాదు. పా, ఇగ నడువ్.”

రోకలి గాడిలో తాడు వేసి రబ్బరు కప్పను కట్టాను.

మైదానంలో షామియానా, కూలర్లు, ఇంత పెద్ద ఫ్లెక్సీ. దాని మీద ఒక పక్క భూమి గుండ్రంగా మండుతోంది, ఇంకో పక్క నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. మమ్మల్ని పిలిచారు. నేనూ లచ్చమ్మా రోకలి భుజాన పెట్టుకుని ఎక్కాం. పాట ఎత్తుకున్నాం. రెండో చరణానికి అమ్మమ్మ నడక దానంతటదే కాళ్ళలోకి వచ్చింది. కింద ఆడవాళ్ళు అందుకున్నారు. రబ్బరు కప్ప ఊగుతోంది. పాట అయిపోయింది, పాట తర్వాత గడప రావాలి. స్టేజి మీద గడప ఎక్కడుంటుంది? నా కాళ్ళు ఆయన కుర్చీ ముందు ఆగాయి. నోరు కూడా ఆగలేదు. “నీ గడప తడవాలె పటేలా. తడవకుంటె మా కడుపు మాడుతది. మా కడుపు మాడితె నీ గాదె మాడుతది.”

 ఆయన తల వంచుతాడనుకున్నాను. ఆయన లేచి చప్పట్లు కొట్టాడు. మైదానమంతా కొట్టింది. ఎవరో మూత తీసి ఇచ్చిన నీళ్ళ బాటిలు నుంచి కప్ప మీద కాసిని నీళ్ళు పోసి, ఫోటోవాళ్ళు సరిగ్గా రాలేదంటే మళ్ళీ పోశాడు. మా ఇద్దరికీ శాలువాలు కప్పి, చెరో మొక్క చేతిలో పెట్టాడు. శాపనార్థం లాంటి మాటకు శాలువా కప్పడం నేనెప్పుడూ చూడలేదు. అది మర్యాదో, ఎగతాళో, ఆ మాటలో పదును నా గొంతులోనే పోయిందో తెలియక మొక్క పట్టుకుని నిలబడ్డాను.

కారెక్కబోతుంటే పద్మ అడ్డం వెళ్ళి రేకుల కల్లం సంగతి అడిగింది. “రాసియ్యి అక్కా, తప్పకుంట చూద్దాం. కాని ఒక్క ఊరికి రేకులేస్తే ఆగే ముచ్చటనా ఇది? ప్రపంచం మొత్తం తిప్పలల్ల ఉన్నది” అన్నాడు.

“ప్రపంచం సంగతి నాకు తెల్వదు నాయనా. మీ తాత ఈ మాట ఇన్నంక బాయి తాళం తీసిండు” అన్నాను.

ఆయన నవ్వు ఆపేశాడు. నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: “మా తాత చేతిల బాయి ఉండె నాయనమ్మా. తాళం తీసిండు, అయిపాయె. నా చేతిల ఏమున్నది చెప్పు? నేను పైవాళ్ళను అడుగుత, పైవాళ్ళు పక్క దేశపోళ్ళను అంటరు, వాళ్ళు ఇంకోళ్ళను అంటరు. మాట్లాడుడు ఒక్కటి నా చేతిల ఉన్నది. మాట్లాడుతున్న.”

అబద్ధం చెబుతున్నట్టు లేదు. పిల్లవాడి మొహం ఎండకు కమిలి ఉంది. వాళ్ళ తాతకు ఒక్క ఊరి వాన గురించి ఒక్క మాట వచ్చేది కాదు, బావి ఉండేది. ఇతనికి లోకంలోని వానలన్నిటి గురించీ మాటలొచ్చు, బావి లేదు. ఉన్నా దాన్ని దాచాడా, నిజంగానే లేదా? రేకులకు ప్రపంచం ఎందుకు అడ్డమొచ్చింది? ఇవన్నీ కారు కదిలాక తట్టాయి. ఎదురుగా ఉన్నప్పుడు “ఎండల తిరగకు నాయనా, టోపీ పెట్టుకో” అన్నాను. పద్మ నా వంక చూసిన చూపు మరిచిపోను.

అంతా పోయాక కూలీలు ఫ్లెక్సీ విప్పుతున్నారు. దాన్నేం చేస్తారని అడిగితే పారేస్తాం అన్నారు. పారేసేదేంది, ఇటియ్యుండ్రి అన్నాను. నేనూ లచ్చమ్మా, పద్మా చుట్టచుట్టి ఆటోలో వేసుకొచ్చి వాకిట్లో కొడవలితో రెండు చేశాం. నాయకుడి చెవి దగ్గర కోత పడింది. మండే భూమి లచ్చమ్మ కుప్ప మీదికి పోయింది. మొహం మా వాటాకు వచ్చింది. పాత చీరలు తీసేసి కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాం. పొద్దు వాలేటప్పటికి మిర్చి ఘాటు ముక్కుకు కొట్టింది. ఆకాశంలో ఏమీ లేదు. పద్మతో చెప్పలేదు.

మర్నాడు కోడి కూసే వేళకు గాలి లేచి వాన పడ్డది. పొద్దెక్కేదాకా పడ్డది. తెరిపిచ్చాక వెళ్ళి చూస్తే ఫ్లెక్సీ కింద మిర్చి పొడిగా ఉంది. నేను కుట్టిన సంచుల పట్టా కుట్ల వెంబడి కారి, ఆ సగం అడుగు దాకా తడిసింది. లచ్చమ్మ కుప్ప పెద్దది, ఆమె ముక్క చాలక ఇంకా ఎక్కువ తడిసింది. తడిసినది ఇంట్లోకి మోయించి, మంచాలు లేపి, ఫ్యాను కింద పరిచాం. ఇల్లంతా తుమ్ములే.

లచ్చమ్మ తడి గంప నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగింది. “వదినా, రబ్బరుదే కదనే మనం ఎత్తింది?”

“రబ్బరుదే.”

“మరి?”

“నాకేం తెలుసు. గంప దించు, ఇక్కడే ఆరబోయి” అన్నాను.

రోకలి వాకిట్లో నానుతోంది. తెచ్చి తుడిచి, పొన్నుకు నూనె రాసి, అటక మీద పెట్టడానికి స్టూలు వేసుకున్నాను. పద్మ మిర్చి పరుస్తూ తల ఎత్తకుండానే అంది: “అటక మీద వద్దు అత్తమ్మా. తలుపెనక నిలబెట్టు. రేకులు వచ్చేదాక చేతికి అందాలె.”

స్టూలు పక్కకు జరిపాను. తలుపు వెనక నిలబెట్టాను.